ఆరొందల అడుగుల ఇంట్లో పిల్లికీ చోటు

సోఫా మీద మూత్రం పోసింది, కొత్త దివాన్ అంచులు గీరిపారేసింది, గ్యాస్ పొయ్యి పక్కకెక్కి కూర్చుంది, తెల్లారకముందే ముఖం మీద కాలు పెట్టి లేపింది. పిల్లి ఉన్న ఇళ్లలో వినిపించే ఫిర్యాదులు ఇంచుమించు ఇవే. పొగరెక్కిందనో, కక్ష కట్టిందనో మనవాళ్లు కారణం చెబుతారు. కక్ష తీర్చుకునే ఆలోచన పిల్లికి ఉండదు. ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇంటి అమరిక వల్ల వచ్చేవే. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో కాస్త ఆలోచించి జరిపితే చాలావరకు సర్దుకుంటాయి.

ఇల్లు చిన్నది, ఇక సర్దుబాటు ఏం చేస్తాం అనే సందేహం సహజం. అయితే పిల్లికి కావలసింది విశాలమైన నేల కాదు. ఎక్కడానికి ఎత్తు కావాలి, నక్కడానికి మూల కావాలి, తిండి ఒక చోట, నీళ్లు ఒక చోట, మలమూత్రాలకు ఇంకో చోట కావాలి. ఒక హాలు, ఒక పడకగది, వంటగది, బాత్రూమ్, చిన్న బాల్కనీ ఉన్న ఆరొందల చదరపు అడుగుల ఫ్లాట్‌లో ఇవన్నీ కుదురుతాయి. అలాంటి ఇంటినే ముందు పెట్టుకుని చూద్దాం.

పెంకుటిళ్ల కాలంలో పిల్లి ఇంట్లో ఉండేది కాదు, ఇంటికి వచ్చిపోయేది. అటక మీద ఈనేది, గడ్డివాములో ఎలుకల్ని పట్టేది, పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పేది. ఒక చోట అలికిడి ఎక్కువైతే ఇంకో చోటికి మారే వీలు దానికి ఉండేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ పిల్లికి ఆ వీలు లేదు. నచ్చినా నచ్చకపోయినా రోజంతా మన నాలుగు గోడల మధ్యే ఉండాలి. కాబట్టి ఆ ఏడిళ్లూ మన ఒక్క ఇంట్లోనే దానికి దొరకాలి.

ఇంటి పిల్లికి మూలపురుషుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం కూడా దొరికింది. ఇన్ని వేల ఏళ్లు మనతో ఉన్నా కుక్క మారినంతగా పిల్లి మారలేదు. అది ఇప్పటికీ ఒంటరిగా వేటాడే చిన్న జంతువే, తనకంటే పెద్ద జంతువుకు ఆహారమయ్యే ప్రమాదం ఉన్న జంతువు కూడా. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు. ఎత్తు నుంచి చూడాలనుకోవడం, వీపు గోడకు ఆనించి కూర్చోవడం, తింటూ తింటూ తలెత్తి చుట్టూ చూడటం ఈ భయం నుంచి వచ్చినవే. పిల్లుల వైద్యుల అంతర్జాతీయ సంఘం, అమెరికా సంఘం కలిసి 2013లో పిల్లి పరిసరాలు ఎలా ఉండాలో మార్గదర్శకాలు రాసినప్పుడు మొట్టమొదట చెప్పింది సురక్షితమైన చోటు గురించే.

కొనుగోళ్లతో మొదలుపెట్టకండి. ముందు కొన్నాళ్లు పిల్లిని గమనించండి. మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటోంది, కాలింగ్ బెల్ మోగితే ఎటు పరుగెడుతోంది, మిక్సీ వేస్తే ఎక్కడ దూరుతోంది, ఏ కిటికీ దగ్గర ఎక్కువసేపు కూర్చుంటోంది. మనిషి చెవికి అందని ఎంతో సన్నని శబ్దాలు కూడా పిల్లికి వినిపిస్తాయి. మన మిక్సీ, ప్రెషర్ కుక్కర్ విజిల్ దానికి ఎలా ఉంటాయో ఊహించుకోండి. అది ఎంచుకున్న చోట్లనే బాగుచేయడం తేలిక. ఖరీదైన పిల్లి మంచం కొని మనకు నచ్చిన మూలన పెడితే అది ఆ మంచం వచ్చిన అట్టపెట్టెలో పడుకుంటుంది.

ఎత్తు మన ఇళ్లలో ఉచితంగా దొరుకుతుంది. బీరువా పైభాగం, సజ్జ, పుస్తకాల అలమర, ఫ్రిజ్ నెత్తి. బీరువా మీద సూట్‌కేసులు దింపి, పాత బొంత మడిచి పరిస్తే సగం పని అయినట్టే. మిగిలిన సగం దారి. ఐదారడుగుల ఎత్తుకు ఒక్క దూకులో ఎక్కే పిల్లులున్నాయి గానీ, వయసు మీద పడ్డవి, బొద్దుగా ఉన్నవి ఎక్కలేవు, ఎక్కినా దిగేటప్పుడు కీళ్లు నొప్పి పెడతాయి. పక్కన ఒక స్టూలు, దాని పైన గోడకు ఒక చెక్క పలక ఉంటే మెట్లయిపోతాయి. పలక జానెడున్నర వెడల్పుంటే పిల్లి దాని మీద తిరగగలదు. గోడకు బిగించేటప్పుడు నాలుగైదు కిలోల జంతువు దూకి వాలే బరువును లెక్కలో పెట్టుకోండి, నిలబడే బరువును కాదు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వకపోతే అలమరలనే మెట్ల వరసగా జరిపి పెట్టుకోవచ్చు. పైకి పోవడానికి ఒకే దారి ఉంటే, రెండో పిల్లి ఆ దారికి అడ్డం కూర్చుంటుంది. అందుకే దిగడానికి ఇంకో దారి కూడా ఉండాలి.

దాక్కునే చోటు గురించి ఒక పరిశీలన చెబుతాను. నెదర్లాండ్స్‌లో జంతు సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాక్కునే పెట్టెలు ఇచ్చారు, మిగతావాటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి కొత్త చోటికి త్వరగా అలవాటుపడ్డాయి. 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. పెట్టెలో దూరిన పిల్లిని చూసి బెదిరిపోయిందని మనం దిగులుపడతాం, బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంటాం. పిల్లి బెదురు పోగొట్టుకునే పద్ధతే అది. మంచం కింద ఒక అట్టపెట్టె, దివాన్ కింద దుప్పటి అంచు వేలాడేలా ఒక మూల చాలు. దీపావళి నాడు ఇల్లంతటిలో దానికి ఆ మూలే దిక్కు. పిల్లలున్న ఇంట్లో ఒక్క నియమం గట్టిగా పెట్టండి: పెట్టెలో ఉన్న పిల్లిని ఎవ్వరూ ముట్టుకోకూడదు.

ఇక అసలు చిక్కు పిల్లి మలమూత్రాలకు పెట్టే లిట్టర్ ట్రే. చిన్న ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. చాలామంది చూపించేది బాత్రూమ్. మన బాత్రూమ్‌లు తడి బాత్రూమ్‌లు. స్నానం చేస్తే నీళ్లు ట్రేలో పడతాయి, గీజర్ వేసి తలుపు మూస్తే అరగంట దానికి దారి ఉండదు. తర్వాత బాల్కనీ అంటారు. అక్కడ ఎండ, వాన జల్లు, పావురాలు, రాత్రి మూసే తలుపు. నా సలహా హాల్లో మనుషుల రాకపోకలు తక్కువున్న మూల, లేకపోతే పడకగదిలో బీరువా పక్క సందు. హాల్లో పిల్లి ట్రే ఏమిటని మొహం చిట్లించేవాళ్లుంటారు. శుభ్రంగా ఉంచితే ట్రే వాసన రాదు. వాసన వస్తోందంటే శుభ్రం చాల్లేదని. కొత్త ట్రే పెట్టగానే పాతది తీసేయకండి. కొన్నాళ్లు రెండూ ఉంచి, పిల్లి కొత్తదానికి అలవాటుపడ్డాకే పాతది ఎత్తండి.

ఎన్ని ట్రేలు అంటే పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపి అంటారు పశువైద్యులు. ఒక పిల్లికి రెండు, రెండు పిల్లులకు మూడు. రెండు ట్రేలు పక్కపక్కన పెడితే పిల్లి లెక్కలో అవి ఒకటే. హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి ఉండాలి. ట్రే పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణాల్లో అమ్మే చాలా ట్రేలు ఈ కొలతకు చాలవు. బట్టలు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్ తెచ్చి ఒక వైపు గోడ పిల్లి అడుగుపెట్టేంత కిందికి కోసేస్తే సరిగ్గా సరిపోతుంది, ఇసుక బయటికి చిమ్మదు కూడా. లోపల సన్నని, వాసన కలపని, తడిస్తే ముద్ద కట్టే బెంటొనైట్ లిట్టర్ అయితే చాలా పిల్లులు ఇష్టపడతాయి. లావెండర్, నిమ్మ పరిమళాలు మన ముక్కు కోసం కలిపినవి.

రోజుకు రెండుసార్లు గరిటెతో ముద్దలు తీయాలి. ఇందులో మన ఆరోగ్యం కూడా ఉంది. కొన్ని పిల్లుల మలంలో ఉండే టాక్సోప్లాస్మా పరాన్నజీవి బయటపడగానే మనిషికి అంటదు. అంటుకునే శక్తి రావడానికి దానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ ట్రే శుభ్రం చేసే ఇంట్లో ఆ భయం బాగా తగ్గుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఇంకొకరు చేయాలి. పిల్లిని బయటికి పంపేయనక్కర్లేదు. ముద్దలను టాయిలెట్‌లో పోయకండి, పైపు మూసుకుపోతుంది.

నేల మీద మూత్రం పోసినప్పుడు చేయి అలవాటుగా ఫినాయిల్ సీసా మీదికి పోతుంది. ఆగండి. ఫినాయిల్ లాంటి మందుల్ని అరిగించుకుని బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే విషం లోపలికి పోయినట్టే. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంతో కలిస్తే ఘాటైన విషవాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ల వాసన పిల్లికి మూత్రంలాగే తోస్తుంది, అది మళ్లీ అక్కడికే వస్తుంది. వాసనను ఎంజైములతో విరిచే క్లీనర్లు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. అవి కొనడం దండగ కాదు.

ట్రే శుభ్రంగా ఉన్నా, చోటు బాగున్నా పిల్లి బయటే పోస్తుంటే ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మూత్రాశయం వాపు పిల్లుల్లో తరచు వచ్చే జబ్బు. చాలాసార్లు దానికి సూక్ష్మక్రిమి కారణం కాదు, ఒత్తిడి. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన టోనీ బఫింగ్టన్ బృందం ఇలాంటి జబ్బున్న 46 పిల్లుల ఇళ్లలో మార్పులు చేయించింది. ఎక్కే చోట్లు, దాక్కునే చోట్లు, ట్రేల అమరిక, ఆట, మనుషుల తీరు, ఇవన్నీ ఇంటింటికీ తగ్గట్టు సర్దించి పది నెలలు గమనిస్తే మూత్ర బాధలు బాగా తగ్గాయి, బెదురూ తగ్గింది. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పిల్లికి ఇల్లు సర్దిపెట్టడం ముచ్చట కోసమే అనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని, ముక్కుతూ, చుక్క కూడా పోయలేకపోతే మూత్రనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. తెల్లారనిద్దాం అనకూడదు, ప్రాణం పోతుంది.

తిండి గిన్నె, నీళ్ల గిన్నె ట్రేకు దూరంగా ఉండాలి. చాలా పిల్లులు తిండి పక్కనే ఉన్న నీళ్లు సరిగ్గా తాగవు. నీళ్ల గిన్నెను హాల్లో ఇంకో మూలకు జరిపి చూడండి, తాగడం పెరగవచ్చు.

గోళ్లు గీరడం మాన్పించలేం. గీరడంతో పాత గోరు పొర ఊడుతుంది, వెన్ను సాగుతుంది, పాదాల్లోని గ్రంథుల వాసన ఆ చోట అంటుతుంది. నిద్ర లేవగానే, తలుపు దగ్గర, నలుగురూ కూర్చునే చోట ఎక్కువగా గీరుతుంది. సోఫా మీద గీరుతుంటే గీరే స్తంభాన్ని బాల్కనీలో పెడితే ఏం లాభం? సోఫా పక్కనే, అది గీరే మూలకు ఆనించి పెట్టాలి. స్తంభం పిల్లి ఒళ్లు విరుచుకుని నిలబడ్డంత ఎత్తు, అంటే మూడడుగులకు తగ్గకుండా ఉండాలి, ఊగకూడదు. బరువైన చెక్క దిమ్మెకు కొబ్బరి తాడు బిగించి చుడితే బజారు సరుకు కంటే బాగా పనిచేస్తుంది. అడ్డంగా గీరే పిల్లులకు గోనెసంచి చుట్టిన పలక నేల మీద వేస్తే చాలు. అది అలవాటయ్యేదాకా సోఫా మూలకు మందపాటి దుప్పటి కట్టండి. గోళ్లు పీకించాలని మాత్రం ఎన్నడూ అనుకోకండి. ఆ శస్త్రచికిత్సలో ప్రతి వేలి చివరి ఎముకను కోసేస్తారు.

ఇంతవరకు పిల్లి కోసం. మనుషుల వాటా కూడా మాట్లాడాలి, ఎందుకంటే మనుషులు విసిగిన ఇంట్లో పిల్లి ఎక్కువ కాలం ఉండదు. వంటగది గట్టు, దేవుడి గూడు, పట్టుచీరల బీరువా మనవి. దేవుడి గూటికి చిన్న తలుపు పెట్టించుకుంటే వెలిగే దీపం పక్క తోక తిప్పే ప్రమాదమూ ఉండదు, పెద్దవాళ్ల అభ్యంతరమూ తీరుతుంది. వంటగట్టు ఎక్కే పిల్లిని కేకలేసి దింపితే మనం లేనప్పుడు ఎక్కుతుంది. చేపలు కడుగుతుంటే ఆ వాసనకు, మన పక్కన ఉండాలన్న కోరికకు అది పైకి వస్తోంది. వంటగది గుమ్మం దగ్గర గట్టంత ఎత్తున్న స్టూలు ఒకటి వేయండి, వంట మొదలుపెట్టే ముందే దాని తిండి దానికి పెట్టేయండి, స్టూలు మీద కూర్చున్నప్పుడల్లా చిన్న ముక్క ఇవ్వండి. రాత్రి పొయ్యి చుట్టూ తుడిచి, గిన్నెల మీద మూతలు పెట్టేస్తే గట్టు మీద దానికి పనేముండదు.

మన ఇళ్లలో కొన్ని వస్తువులు పిల్లికి నిజమైన విషాలు. బట్టల మధ్య, సింకులో వేసే కలరా ఉండలు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు. కుక్కల పిడుదులకు వేసే పెర్మెత్రిన్ మందు. లిల్లీ జాతి పూలు, వాటి పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. వీటికి తోడు మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవలసింది మల్లెమాల దారం. వాడిన దండను గుమ్మం పక్క పడేస్తాం, పిల్లి దారంతో ఆడుతూ మింగేస్తుంది. దారం పేగుల్ని కుచ్చిళ్లు పట్టినట్టు లాగి కోసేస్తుంది. నోట్లోంచి గానీ, వెనక నుంచి గానీ దారం కొస కనిపిస్తే లాగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కుట్టుమిషన్ దారాలు, జరీ పోగులు కూడా అంతే. వాషింగ్ మెషిన్ వేసే ముందు లోపల ఒకసారి చేయి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. వెచ్చని బట్టల్లో ముడుచుకుని పడుకోవడం పిల్లికి ఎంతో ఇష్టం.

పడకగదిలోకి పిల్లిని రానివ్వాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లంతా మొదటి రోజే తేల్చుకోవాలి. ఒక రాత్రి రానిచ్చి మర్నాడు తలుపు మూస్తే తెల్లవార్లూ తలుపు గీరుతుంది. ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లుంటే పడకగది పిల్లికి మూసే ఉంచాలి, అప్పుడు ఆ గదికి అనుకున్న ట్రే హాల్లో ఇంకో చివరికి మారుతుంది. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉండే ఒక ప్రొటీన్. అది గుడ్డ సోఫాలకు, తివాచీలకు పట్టుకుంటుంది. చెక్క కుర్చీలు, ఉతకడానికి వీలైన జంపఖానాలు ఉన్న ఇల్లు ఇలాంటివాళ్లకు మేలు.

తెల్లవారుజామున లేపే పిల్లి గురించి: వేటాడే జంతువులుగా పిల్లులు సంధ్యవేళల్లో చురుగ్గా ఉంటాయి. వేటాడటం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం, ఇదీ దాని వరస. మనం పడుకునే ముందు పది నిమిషాలు కర్రకు కట్టిన ఈకతో పరుగులు పెట్టించి, చివర ఒకసారి పట్టుకోనిచ్చి, ఆ వెంటనే రాత్రి తిండి పెడితే అదే వరసలో నిద్రపోతుంది. లేపగానే లేచి తిండి పెడితే మాత్రం రేపు ఇంకాస్త ముందే లేపుతుంది.

రెండు పిల్లులున్న ఇంట్లో కొట్లాట అరుపులతోనే జరగదు. ఒకటి నడవాలో పడుకుని రెండోదాన్ని రెప్ప వేయకుండా చూస్తుంటుంది, రెండోది ట్రే దాకా పోలేక వెనక్కి తిరుగుతుంది. మనకేమో అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. గిన్నెలు, ట్రేలు, ఎత్తు చోట్లు ఒకదానికొకటి కనిపించని మూలల్లో ఉండాలన్నది ఇందుకే. అలాగే రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం తప్పనిసరి.

చిన్న ఫ్లాట్లలో పిల్లి పనికిరాదనే వాదన మన అపార్ట్‌మెంట్ సంఘాల్లోనే కాదు, సింగపూర్‌లో ప్రభుత్వ స్థాయిలో కూడా నడిచింది. అక్కడ అత్యధికులు ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉంటారు, మన తెలుగువాళ్లు కూడా ఎందరో వాటిలో ఉన్నారు. 1989 నుంచి ఆ ఫ్లాట్లలో పిల్లిని పెంచడం నిషిద్ధంగా ఉండేది. ఊడే వెంట్రుకలు, అరుపులు, ఇంట్లో కట్టడి చేయలేకపోవడం కారణాలుగా చెప్పేవారు. 2024 సెప్టెంబర్ 1న ఆ నిషేధం తీసేశారు. ఇప్పుడు ఫ్లాటుకు రెండు పిల్లుల దాకా పెంచుకోవచ్చు, లైసెన్సు, మైక్రోచిప్ ఉండాలి, పిల్లి బయటికి పోకుండా, పడిపోకుండా చూసే బాధ్యత యజమానిదే. చిన్న ఇంట్లో పిల్లి ఉండొచ్చు, కానీ కిటికీలు భద్రంగా ఉండాలన్నది ఆ నిర్ణయంలోని సారం.

ఆ చివరి షరతు మన దగ్గర అందరూ వాయిదా వేస్తారు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా కాళ్ల మీద నిలుస్తుందన్న ధీమా. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్‌కు 1984లో ఐదు నెలల్లోనే ఎత్తయిన భవనాల నుంచి పడిన 132 పిల్లుల్ని తెచ్చారు. వైద్యం అందాక పదింట తొమ్మిది బతికాయని 1987లో ఆ వైద్యులు రాశారు. ఆ మాటే ప్రచారంలో మిగిలింది. పడినచోటే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆస్పత్రికి తేరు, కాబట్టి అవి ఆ లెక్కలో లేవు. బతికినవాటిలో కూడా ఊపిరితిత్తుల గాయాలు, విరిగిన దవడలు, కాళ్లు ఉన్నాయి. పావురం వాలితే చాలు, పిల్లి చూపంతా దాని మీదే ఉంటుంది, గట్టు అంచు గుర్తుండదు.

దోమతెర పిల్లి గోళ్లకు చిరుగుతుంది. పావురాల కోసం కట్టే నైలాన్ నెట్ లేనిదానికంటే నయమే గానీ, కొరికి కన్నం చేసే పిల్లులున్నాయి, ఎండకు దారం పెళుసెక్కుతుంది. కట్టించినా తరచు చేత్తో లాగి చూస్తుండాలి. సన్న గళ్ల స్టీలు మెష్‌ను ఫ్రేముకు బిగిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడి ఊడదీసే ఫ్రేము చేయించుకోండి. పిల్లిని ఇంటికి తెచ్చాక కాదు, తేకముందే బిగించండి. బిగించేదాకా కిటికీ తలుపులు, బాల్కనీ తలుపు మూసే ఉంచండి.